చెరువులను లెక్కపెట్టాము, ఊటను కొలిచామా?

కేంద్ర భూగర్భ జలమండలి 2024 సంవత్సరానికి ప్రకటించిన అంచనాలలో ఒక అంకె ప్రత్యేకంగా గమనింపదగినది. దేశంలోని చెరువులు, కుంటలు, జలసంరక్షణ కట్టడాల ద్వారా భూమిలోకి ఇంకుతున్న నీరు 2017లో 13.98 శతకోటి ఘనపు మీటర్లు కాగా, 2024 నాటికి అది 25.34 శతకోటి ఘనపు మీటర్లకు పెరిగిందని ఆ అంచనా చెబుతున్నది. అంటే పెరుగుదల 11.36 శతకోటి ఘనపు మీటర్లు. తెలుగువారికి అలవాటైన కొలతలో చెప్పుకుంటే సుమారు 400 టీఎంసీలు. నాగార్జునసాగర్ జలాశయాన్ని కట్టిన నాటి మొత్తం నిల్వ సామర్థ్యం 408 టీఎంసీలు. ఏడేండ్ల కాలంలో మన చిన్న చెరువులు ఏటా ఒక నాగార్జునసాగర్ అంతటి నీటిని అదనంగా నేలపొరలకు అందించే స్థితికి వచ్చినవన్నమాట. నిజమైతే ఇంతకన్న శుభవార్త మరొకటి ఉండదు.

అయితే ఈ 400 టీఎంసీలను కొలిచినవారెవరు? ఏ చెరువు గట్టున నిలబడి, ఏ కొలబద్దతో కొలిచారు? ఈ ప్రశ్నకు సమాధానం ఆశ్చర్యం కలిగించక మానదు. ఇది ప్రధానంగా కొలిచి తెలుసుకున్న అంకె కాదు. గుణించి రాబట్టిన అంకె. చెరువు నీటి విస్తీర్ణమెంతో తీసుకుని, నీరు నిలిచిన రోజుల సంఖ్యతో హెచ్చించి, దానిని ముందుగా నిర్ణయించిన ఒక ప్రమాణంతో మళ్లీ హెచ్చించగా వచ్చిన ఫలితం. ప్రమాణం సరియైనదైతే అంకె సరియైనది. ప్రమాణం తప్పితే నాగార్జునసాగర్ కాగితం మీదనే నిండుతుంది, కాగితం మీదనే ఎండుతుంది.

ఈ వారం ఢిల్లీ విశేషాలను పక్కనబెట్టి ఈ విషయాన్ని కోల్‌కతా నుంచి రాయడానికి కారణమున్నది. 1911 వరకు ఇదే దేశ రాజధాని. నేడు దేశంలో కెల్లా ఎక్కువ జలవనరులున్న రాష్ట్రానికి ఇది రాజధాని. లెక్కపెట్టడానికీ కొలవడానికీ మధ్యనున్న భేదం ఈ నగరంలో తెలిసినంత స్పష్టంగా మరెక్కడా తెలియదు. ఆ భేదాన్ని శాస్త్రంగా మలచి దేశానికి అందించిన సంస్థ కూడా ఈ నగరంలోనే ఉన్నది.

గణన చెప్పినది, చెప్పనిది

జల్‌శక్తి మంత్రిత్వ శాఖ దేశంలో మొట్టమొదటి జలవనరుల గణన ఫలితాలను 2023లో వెల్లడించింది. చెరువుల ఆక్రమణలు, పునరుద్ధరణపై పార్లమెంటు స్థాయీ సంఘం లోగడ చేసిన పరిశీలనలు ఈ గణనకు ప్రేరణ. చిన్ననీటి వనరుల గణనలో ఒక పంక్తిగా మిగిలిపోయిన చెరువుకు ప్రత్యేకంగా ఒక లెక్క ఉండాలన్నది సభ్యుల వాంఛ. అది నెరవేరినందుకు సంఘాన్నీ శాఖనూ అభినందించవలసిందే.

గణనలో తేలిన జలవనరులు 24,24,540. వీటిలో నూటికి 97 గ్రామాలలో ఉన్నవి. కుంటలు 14 లక్షలకు పైగా ఉండగా, చెరువులు 3 లక్షల 81 వేల పైచిలుకు. ఊటచెరువులు, చెక్‌డ్యాములు వంటి సంరక్షణ కట్టడాలు 2 లక్షల 26 వేలు. వాడుకలో లేనివి 3,94,500. ఆక్రమణకు గురైనట్లు నమోదైనవి 38,496. పశ్చిమబెంగాల్ 7,47,480 జలవనరులతో ప్రథమ స్థానంలో నిలిచింది. ఒక్క దక్షిణ 24 పరగణాల జిల్లాలోనే సుమారు మూడున్నర లక్షలున్నవి. ఆంధ్రప్రదేశ్ 1,90,777తో మూడవ స్థానంలో ఉన్నప్పటికీ, చెరువుల వరకు చూస్తే దానిదే అగ్రస్థానం.

ఈ గణన పత్రంలో జలవనరు ఏ పనికి ఉపయోగపడుతున్నదన్న ప్రశ్న ఉన్నది. చేపల పెంపకం, సేద్యం, గృహావసరాలతో పాటు భూగర్భ జలాల పెంపు అన్నది కూడా ఒక ఉపయోగంగా నమోదైంది. కాని ఎంత పెంపు అన్న ప్రశ్న మాత్రం లేదు. ఉన్నా దానికి జవాబు చెప్పగల గ్రామాధికారి దేశంలో లేడు.

చట్టసభల తీరు కూడా ఇందుకు భిన్నంగా లేదు. చెరువుల గురించి సభ్యులు అడిగే ప్రశ్నలు సాధారణంగా మూడు: ఎన్ని మంజూరయినవి, ఎన్ని పూర్తయినవి, ఎంత ఖర్చయింది. మంత్రులు సభాసమక్షంలో ఉంచే పట్టికలూ ఈ మూడింటికే పరిమితం. ఎంత ఇంకింది, ఎవరి బావిలోకి చేరింది అన్న అనుబంధ ప్రశ్న వినిపించడం అరుదు. ప్రజాధనంతో తవ్విన చెరువుకు ఖర్చే ఫలితమన్నట్లుగా వ్యవహారం నడుస్తున్నది.

ఒకరికి నష్టం, మరొకరికి లాభం

ఊట గురించి ప్రభుత్వ శాఖలకే ఏకాభిప్రాయం లేకపోవడం ఈ దుస్థితికి మూలం. కట్ట కట్టి, తూము పెట్టి, ఆయకట్టుకు నీరు వదిలే నీటిపారుదల ఇంజనీరు దృష్టిలో ఊట అంటే నష్టం. కట్ట నడుమ జిగటమట్టి దిమ్మె వేసి, రాళ్ల తాపడం చేసి, చుక్క నీరు కారిపోకుండా చూడడమే అతని విద్య. భూగర్భ జలశాఖ అధికారి దృష్టిలో అదే ఊట లాభం. అతని కోసం తూము లేని చెరువును ప్రత్యేకంగా కట్టి, దానికి ఊటచెరువు అని పేరు పెట్టాము. ఒకే నీటి బొట్టు ఒక శాఖ చిట్టాలో ఖర్చు కింద, మరొక శాఖ చిట్టాలో జమ కింద చేరుతున్నది. పైపెచ్చు చెరువు ఆయకట్టు కింద ఒకసారి, అదే నీరు బావిలోకి చేరినాక బోరు ఆయకట్టు కింద మరొకసారి లెక్కకెక్కే ప్రమాదమూ ఉన్నది.

మన పెద్దలకు ఈ గందరగోళం లేదు. కాకతీయుల కాలం నుంచి తెలంగాణలో, రాయలసీమలో గొలుసుకట్టుగా నిర్మించిన చెరువులలో పై చెరువు అలుగు నీరు దిగువ చెరువుకు చేరినట్లే, పై చెరువు ఊట నీరు దిగువ బావులకు చేరేది. రెండూ ఒకే వ్యవస్థలో భాగాలు. తెలంగాణలో నీరటి, రాయలసీమలో నీరుగంటి అనే గ్రామోద్యోగి తూము ఎంత ఎత్తాలో, నీరు ఎన్నాళ్లు వస్తుందో కంటితో చూసి చెప్పేవాడు. అంకెలు రాయకపోయినా అతని వద్ద కొలత ఉండేది. మన వద్ద అంకెలున్నవి, కొలత లేదు.

ఒకే ప్రమాణం, వేయి నేలలు

భూగర్భ జలాల అంచనాకు కేంద్రం 1984లో ఒక పద్ధతిని రూపొందించి, 1997లోను, తిరిగి 2015లోను సవరించింది. అందులో చెరువుల కోసం పేర్కొన్న ప్రమాణం రోజుకు 1.4 మిల్లీమీటర్లు. అంటే పది హెక్టార్ల నీటి విస్తీర్ణం గల చెరువు నుంచి దినమొక్కంటికి 140 ఘనపు మీటర్ల నీరు భూమిలోకి పోతుందని భావించాలి. చెక్‌డ్యాములు, ఊటచెరువుల విషయంలో మొత్తం నిల్వలో సగం ఇంకుతుందని 1997 పద్ధతి అన్నది. 2015 పద్ధతి దానిని 40 శాతానికి తగ్గించింది. నేల మారలేదు, చెరువు మారలేదు, ప్రమాణం మాత్రం మారింది.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. క్షేత్ర పరిశీలనలు లేనిచోట మాత్రమే ఈ ప్రమాణాలు వాడుకోవలసిందిగా నిపుణులు సూచించారు. తాత్కాలికంగా ఊతకర్ర వంటిది కావాలని ఇచ్చినదానిని మనం కాలుగా చేసుకున్నాము. దోషం ఊతకర్రది కాదు.

రోజుకు 1.4 మిల్లీమీటర్లు అన్నది ఇసుక కలిసిన నేలకు మరీ తక్కువ కావచ్చు. నల్లరేగడికి, పూడిక పేరుకున్న పాత చెరువుకు ఎక్కువ కావచ్చు. ఒకే చెరువు సైతం ఏడాది పొడవునా ఒకే తీరున ఊరదు. తొలి వానలకు పగుళ్లు విచ్చిన అడుగు నీటిని ఆత్రంగా తాగుతుంది. క్రమేణా మెత్తని ఒండ్రు ఆ పగుళ్లను కప్పివేస్తుంది. భూగర్భ నీటిమట్టం పైకి లేచి చెరువు అడుగును తాకే సరికి ఇంకడం దాదాపు ఆగిపోతుంది. నిండిన కుండలో నీరు పోసినట్లవుతుంది. నీటిమట్టం లోతుకు దిగిన కరువు సంవత్సరంలో నేలలో ఖాళీ ఉంటుంది గాని చెరువులో నీరుండదు. ఈ వైవిధ్యమంతటినీ ఒక్క దశాంశ సంఖ్యలో బిగించడం సాహసమే.

కోల్‌కతా చెప్పే పాఠం

సంఖ్య ఎంత మోసగిస్తుందో తెలుసుకోవడానికి కోల్‌కతా నగరమే నిదర్శనం. ఏడు లక్షల నలభై ఏడు వేల జలవనరులున్న రాష్ట్రంలో భూగర్భ జలానికి కొదువ ఉండరాదని ఎవరైనా ఊహిస్తారు. కాని కోల్‌కతా నేల కింద పదుల మీటర్ల మందాన బంకమట్టి పొర పరచుకుని ఉన్నది. నగరం గొట్టపు బావుల ద్వారా తోడుకునే నీరు ఆ పొరకు అడుగున ఉన్న ఇసుక పొరలలోనిది. పైనున్న పుకూర్‌లో, అంటే బెంగాలీల ఇంటి చెంత కుంటలో, ఎంత నీరున్నా బంకమట్టిని దాటి అది కిందికి పోవడం దుర్లభం. లోపలి ఇసుక పొరకు నీరు చేరేది నగరానికి ఉత్తరాన దూర ప్రాంతాల నుంచి. అందువల్లనే నగరంలో కుంటలు కళకళలాడుతున్న కాలంలో సైతం లోపలి నీటి పీడనం మధ్య ప్రాంతాలలో పడిపోతూ వచ్చింది.

కుంటలు నిరర్థకమని దీని అర్థం కాదు. అవి చేపనిస్తాయి, వాన నీటిని పట్టి వరదను నిదానింపజేస్తాయి, వేసవి తాపాన్ని తగ్గిస్తాయి. నగరానికి తూర్పున సుమారు 12,500 హెక్టార్లలో విస్తరించిన చిత్తడి నేలలు నగరపు మురుగునీటిని స్వీకరించి చేపగా, కూరగాయగా మార్చి తిరిగి ఇస్తున్నవి. 2002లో ఆ ప్రాంతానికి రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ గుర్తింపు లభించింది. ఆ సేవలకు విలువ కట్టవలసిందే. కాని వాటి పేరు భూగర్భ జలాల పెంపు కాదు. చేయని పనిని చెరువు ఖాతాలో రాయడం దాని గౌరవాన్ని పెంచదు.

ఇందులో ఒక చమత్కారం కూడా లేకపోలేదు. కేంద్ర భూగర్భ జలమండలి తూర్పు ప్రాంత కార్యాలయం సాల్ట్‌లేక్‌లో ఉన్నది. పేరే చెబుతున్నట్లు అది ఒకనాటి ఉప్పునీటి సరస్సుల ప్రాంతం. విధాన్ చంద్ర రాయ్ ముఖ్యమంత్రిత్వంలో సంకల్పించిన పథకం మేరకు 1960వ దశకంలో హుగ్లీ నది ఒండ్రును గొట్టాల ద్వారా తెచ్చి పూడ్చి నగరాన్ని నిర్మించారు. పూడిన సరస్సు మీద కూర్చుని నేల లోపలి నీటిని అంచనా వేయడం మన కాలపు విచిత్రాలలో ఒకటి.

ఇదే రాష్ట్రంలో పడమటి అంచునగల పురులియా, బాంకురా జిల్లాలకు వెళితే పరిస్థితి పూర్తిగా మారిపోతుంది. అక్కడ ఛోటానాగపూర్ కఠిన శిలలు. చిన్న వాగులను అక్కడివారు జోడ్ అంటారు. వాటికి అడ్డంగా వేసిన మట్టికట్టలు జోడ్‌బంధ్‌లు. వాన నీరు వేగంగా జారిపోయే ఆ ఎర్రనేలలలో ఒక చిన్న కట్ట వెనుక నిలిచిన నీరు దిగువ బావులకు ప్రాణం పోయగలదు. ‘జల్ ధరో, జల్ భరో’ అన్న పేరిట రాష్ట్ర ప్రభుత్వం 2011-12 నుంచి నడిపిన కార్యక్రమం కింద తవ్విన చెరువులు ఒకే పట్టికలో చేరినవి. దక్షిణ 24 పరగణాల కుంటకు, పురులియా జోడ్‌బంధ్‌కు ఒకే విలువ ఇచ్చే పట్టిక వల్ల పాలకులకు ప్రయోజనం ఉండవచ్చు. ప్రజలకు లేదు.

మన రాతి నేలల సంగతి

పురులియా శిల మనకు పరాయిది కాదు. తెలంగాణలో అధిక భాగం, రాయలసీమలో పలు ప్రాంతాలు ఇటువంటి కఠిన శిలల మీదనే ఉన్నవి. అక్కడ నీరు నిలిచేది పైనున్న శిథిల శిలాపొరలోను, దాని దిగువ పగుళ్లలోను మాత్రమే. ఆ పొరలో నీటిని ఇముడ్చుకుని తిరిగి ఇవ్వగల శక్తి మొత్తం పరిమాణంలో నూటికి ఒకటి నుంచి నాలుగు పాళ్లకు మించదు. ఈ స్వల్పత్వంలో ఒక వరమున్నది, ఒక శాపమున్నది. రెండు శాతం నేలలో పది మిల్లీమీటర్ల నీరు ఇంకితే బావిలో అర మీటరు మట్టం పెరుగుతుంది. అంత నీరే తోడితే అర మీటరు పడిపోతుంది. పెరుగుదల చూసి మురిసిపోయిన రైతు మరో బోరు వేస్తే ఆ మురిపెం ఒక్క పంటతో సరి.

అంకెలు ఎంత కఠినమైనవో మరో ఉదాహరణతో చూడవచ్చు. 2022 ఏప్రిల్ 24న కేంద్రం ఆరంభించిన అమృత్ సరోవర్ పథకం కింద ఒక్కొక్క చెరువు కనీసం ఎకరం విస్తీర్ణంలో సుమారు 10,000 ఘనపు మీటర్ల నీటిని నిల్వ చేయాలి. దేశవ్యాప్తంగా 68 వేలకు పైగా చెరువులు పూర్తయినట్లు ప్రభుత్వం ప్రకటించింది. అవన్నీ ఒకసారి నిండితే నిలిచేది దాదాపు 68 కోట్ల ఘనపు మీటర్లు, అనగా 24 టీఎంసీలు. దేశం ఏటా భూమి నుంచి తోడుతున్నది 2024 అంచనా ప్రకారం 245 శతకోటి ఘనపు మీటర్లకు పైమాటే. ఈ కొత్త చెరువుల ఒక నిండుదనం అందులో వెయ్యింట మూడవ వంతైనా లేదు. ఒక ఎకరం వరికి 1,200 మిల్లీమీటర్ల నీరు పట్టేచోట, పదివేల ఘనపు మీటర్లు రెండెకరాల వరికి చాలు. అందులో సగం ఆవిరైతే ఎకరానికి చాలు. చెరువు తవ్వవద్దని ఈ లెక్క చెప్పడం లేదు. చెరువు మీద మోపగలిగిన భారమెంతో చెబుతున్నది.

తెలుగు రాష్ట్రాలలో చెరువు రాజకీయ వస్తువు కావడం కొత్త కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000 సంవత్సరంలో నీరు-మీరు సాగింది. తెలంగాణ ఏర్పడిన పిమ్మట 2015 మార్చిలో మిషన్ కాకతీయ ప్రారంభమై, 46 వేల పైచిలుకు చెరువుల పునరుద్ధరణను లక్ష్యంగా పెట్టుకున్నది. పూడిక తీసి పొలాలకు తరలించడం భూమికి, రైతుకు మేలు చేసిన పని, సందేహం లేదు. తరువాతి సంవత్సరాలలో నీటిమట్టాలు పెరిగిన మాట కూడా యథార్థం. కాని అదే కాలంలో మంచి వర్షాలు పడ్డవి. నదీజలాలు ఎత్తిపోతల ద్వారా చెరువులకు చేరినవి. ఈ మూడింటిలో దేని వాటా ఎంత? అధికార పక్షం మొత్తాన్నీ తన పథకం ఖాతాలో వేసుకున్నది. ప్రతిపక్షం మొత్తాన్నీ వరుణుడి ఖాతాలో వేసింది. ఇరుపక్షాల వద్దా ఉన్నవి కాకిలెక్కలే. పునరుద్ధరించిన చెరువు పక్కన, పునరుద్ధరించని అటువంటి చెరువునే మరొకదానిని ఎంచుకుని రెండింటినీ ముందు నుంచీ కొలిచి ఉంటే ఈ వాదానికి తావుండేది కాదు.

హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఫ్రెంచి సహచరులతో కలిసి మహేశ్వరం, గజ్వేల్ ప్రాంతాలలో కొన్ని చెరువులను దగ్గరగా పరిశీలించారు. ఊటచెరువు ఉపకారం వాస్తవమేనని, అయితే అది ప్రధానంగా చెరువు పరిసరాలకు పరిమితమని, గ్రామం మొత్తం లోటును అది తీర్చజాలదని ఇటువంటి పరిశీలనలు హెచ్చరిస్తున్నవి. ఆ పని కొద్ది చెరువులకే పరిమితం కావడం విచారకరం.

కొలవడం అసాధ్యమా?

కొలవడమంటే కోట్ల రూపాయల యంత్రాలని భయపడనక్కరలేదు. చెరువులో ఒక మట్టపు కొలబద్ద, గట్టున ఒక వర్షమాపకం, ఆవిరిని కొలిచే ఒక లోహపు తొట్టి, తూములో వదిలిన నీటికి ఒక లెక్క. ఇవి ఉంటే చాలు. వాన లేని రోజున, వాగు రాని రోజున, చెరువు మట్టం ఎంత పడిపోయిందో చూసి, అందులోంచి ఆవిరైనదీ తూము ద్వారా పోయినదీ తీసివేస్తే మిగిలేదే ఊట. ఉదాహరణకు తూము మూసి ఉన్న పది హెక్టార్ల చెరువులో మట్టం రోజుకు 12 మిల్లీమీటర్లు పడిపోయి, ఆవిరి 6 మిల్లీమీటర్లని తేలితే, ఊట 6 మిల్లీమీటర్లు. అంటే రోజుకు 600 ఘనపు మీటర్లు. ప్రమాణం ప్రకారమైతే మనం రాసుకునేది 140. తొట్టిలో నీరు చెరువు నీటికన్న వేగంగా ఆవిరవుతుంది గనుక దానిలోని తరుగును సుమారు ఏడు పదవ వంతులుగా సవరించుకోవాలి. ఆవిరి స్వల్పంగా ఉండే రాత్రివేళ తరుగును విడిగా చూస్తే లెక్క మరింత నిక్కచ్చి అవుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. చెరువు నుంచి ఊరినదంతా భూగర్భ జలం కాదు. కొంత కట్ట అడుగున చెమ్మగా బయటపడి, దిగువ పొలాలను ఊటనేలగా మార్చి, గడ్డికీ తుంగకూ ఆహారమై తిరిగి గాలిలో కలిసిపోతుంది. కొంత వాగులోకి జారుతుంది. కనుక కట్టకు ఎగువన ఒకటి, దిగువన రెండు, చెరువు ప్రభావం సోకనంత దూరాన ఒకటి చొప్పున పరిశీలక బావులుండాలి. దూరపు బావిలో పెరుగుదల వానది; దగ్గర బావిలో అంతకుమించి కనిపించినది చెరువుది. ఆంధ్రప్రదేశ్‌లో నీటిమట్టాన్ని తానుగా నమోదుచేసి పంపే పరికరాలు వెయ్యికి పైగా బావులలో అమర్చి ఉన్నవి. వాటిని చెరువులతో జతపరచి చూడవలసిన పని మిగిలి ఉన్నది.

రైతులకు ఇది చేతకాదన్న మాట కూడా చెల్లదు. అనంతపురం నుంచి నల్లగొండ వరకు ఏడు కరువు జిల్లాలలో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో సాగిన రైతుల భూగర్భ జల నిర్వహణ పథకంలో స్త్రీ పురుషులు తామే వానను, బోరు మట్టాన్ని కొలిచి, ఊరి గోడ మీద రాసి, దానినిబట్టి ఏ పంట వేయాలో నిర్ణయించుకున్నారు. మన పల్లె చూపిన దారి ప్రపంచానికి ఉదాహరణ అయింది. మనకే అది గుర్తులేదు.

ఇరవైనాలుగు లక్షల చెరువులను కొలవడం ఎవరి తరమన్న అభ్యంతరం మిగిలింది. దీనికి సమాధానం కోల్‌కతా ఏనాడో చెప్పింది. 1931లో ప్రశాంత చంద్ర మహలనోబిస్ స్థాపించిన భారత గణాంక సంస్థ బెంగాల్‌లో జనపనార సాగు విస్తీర్ణాన్ని అంచనా వేయడానికి ప్రతి చేనునూ తొక్కలేదు. శాస్త్రీయంగా ఎంపిక చేసిన కొద్ది చేలను నిష్ఠగా కొలిచి మొత్తాన్ని చెప్పింది. అంతకు ముందే 1920వ దశకంలో ఉత్తర బెంగాల్, ఒరిస్సా వరదలను మహలనోబిస్ పరిశీలించారు. బ్రాహ్మణి నది అడుగు పైకి లేచిందని, కరకట్టలు పెంచాలని ఇంజనీర్లు భావించిన వేళ, అడుగు లేవలేదని, కారణం అధిక వర్షమని అంకెలతో నిరూపించారు. కొలత లేని నమ్మకంపై ఖర్చు కాబోయిన ప్రజాధనాన్ని కొలత కాపాడింది. ఆ సంస్థను విశ్వవిఖ్యాతం చేసినవారిలో మన కల్యంపూడి రాధాకృష్ణారావు ఒకరు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, 1943లో కలకత్తా విశ్వవిద్యాలయం నుంచి గణాంకశాస్త్ర పట్టా పొంది, దశాబ్దాల పాటు ఈ నగరంలో పనిచేసిన ఆయన 2023లో నూట రెండేండ్ల వయస్సులో కన్నుమూశారు. నేల రకాన్నిబట్టి, చెరువు వయస్సునుబట్టి, వాననుబట్టి జిల్లాకు కొన్ని చెరువులను ఎంపిక చేసి కొలిస్తే మిగిలినవాటికి నమ్మదగిన అంచనా వేయవచ్చునని చెప్పడానికి కొత్త శాస్త్రం కనిపెట్టనక్కరలేదు.

కొలతకు జంకడమెందుకు?

ఇంత సులభమైన పని ఇన్నాళ్లూ జరగకపోవడానికి సోమరితనం ఒక్కటే కారణం కాదు. కొలిస్తే ఫలితం తెలుస్తుంది. ఫలితంతో పాటు ఫలభోక్త ఎవరో కూడా తెలుస్తుంది. చెరువు అందరిదీ. ఊట మాత్రం చెరువు కింద లోతైన బోరు వేయగలిగినవాడిది. 1882 నాటి సుఖభోగ హక్కుల చట్టం నుంచి వస్తున్న భావన ప్రకారం తన నేల కింది నీరు తోడుకునే హక్కు భూస్వామిది. అందరి సొమ్ముతో ఇంకించిన నీరు కొందరి మోటారు గుండా బయటికి వస్తున్నది. రాయలసీమలో పలుచోట్ల తూము మూసి పాత చెరువును ఊటచెరువుగా మార్చుకున్న గ్రామాలున్నవి. అక్కడ ఆయకట్టులో భూమి ఉండి బోరు లేని రైతు ఏమయ్యాడు? ఎగువన చెక్‌డ్యాములు పెరిగిన కొద్దీ దిగువ చెరువు అలుగు పారక ఎండిపోతే ఆ నష్టం ఏ పద్దులో రాయాలి? ఈ ప్రశ్నలు అసౌకర్యమైనవి. కొలత లేనంత కాలం వాటిని దాటవేయవచ్చు.

చట్టాలకు లోటు లేదు. ఆంధ్రప్రదేశ్ 2002లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం చేసింది. పశ్చిమబెంగాల్ 2005లో భూగర్భ జలాల నియంత్రణ చట్టం తెచ్చి, 2011లో చిన్న రైతుల పంపులకు అనుమతి నిబంధన సడలించింది. నీరు రాష్ట్రాల జాబితాలోని విషయం కనుక కేంద్రం నమూనా బిల్లులు పంపడానికే పరిమితమైంది. సమష్టిగా నీటి లెక్క రాసుకునే గ్రామాలకు తోడ్పడేందుకు 2019 డిసెంబరులో ప్రారంభించిన అటల్ భూజల్ యోజన తొలుత ఏడు రాష్ట్రాలను ఎంచుకున్నది. వాటిలో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు, పశ్చిమబెంగాల్ లేదు. రైతు స్వయంగా నీటిని కొలవడంలో దారి చూపిన నేలకే ఆ పథకంలో చోటు దక్కకపోవడంపై మన సభ్యులు ఎలుగెత్తవలసి ఉండినది.

కొలతల పేరుతో పనులు ఆగిపోతాయని, కరువు కాలంలో చెరువు ముందు, శాస్త్రం తరువాత అని వాదించేవారున్నారు. వారి ఆతురతను కాదనలేము. కాని రెండింటిలో ఒకటి ఎంచుకోవలసిన అగత్యం లేదు. తవ్వుతున్ననాడే కొలబద్ద పాతడానికి అదనంగా పట్టేది ఒక పూట. పాతకపోతే, ఎక్కడ తవ్వితే ఇంకుతుందో తెలియక, ఇంకనిచోట పదేపదే తవ్వుతూ పోగొట్టుకునేది తరతరాల ధనం.

కనుక పార్లమెంటు చేయవలసినవి పెద్ద పనులేమీ కావు. ఇకముందు జరిగే జలవనరుల గణనలో ప్రతి జిల్లాలోనూ ఎంపిక చేసిన చెరువులకు ఊట కొలతను తప్పనిసరి చేయాలి. చెరువు పనికి నిధులు విడుదల చేసేటప్పుడు కొలబద్దకు, పరిశీలక బావికి ఒక చిన్న భాగాన్ని ప్రత్యేకించాలి. దేశవ్యాప్త అంచనాలలో ఏ అంకె కొలిచినదో, ఏ అంకె ప్రమాణంతో హెచ్చించినదో విడివిడిగా చూపాలి. ఆ కొలతలను కార్యాలయాల బీరువాలలో కాక గ్రామంలో, పాఠశాల గోడ మీద, తెలుగులోనే రాయాలి. నీరటికి, నీరుగంటికి తిరిగి కొలువు ఇచ్చి, అతని చేతికొక పుస్తకం ఇస్తే ఈ పని సగం పూర్తయినట్లే.

రానున్న సమావేశాలలో తెలుగు సభ్యులలో ఒక్కరైనా లేచి, ఆ 11.36 శతకోటి ఘనపు మీటర్లలో మన జిల్లాల వాటా ఎంత, అందులో కొలిచినది ఎంత అని నక్షత్రపు గుర్తు ప్రశ్న వేయవలసిన అవసరమున్నది. సమాధానం సభాసమక్షంలో ఉంచే నాటికి అది ఖాళీ పట్టిక అయినా నష్టం లేదు. చెరువు కట్ట మీద కొలబద్ద పాతవలసిన చోటెక్కడో ఆ ఖాళీయే చూపుతుంది.